ఎడమ కాలువ కింద వంటిల్లు

నల్గొండ జిల్లా త్రిపురారం మండలమూ, దాని చుట్టుపక్కల నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలూ నేడు వరి పేరుతోనే గుర్తింపు పొందుతున్నప్పటికీ, ఇక్కడి సామాన్య కుటుంబాలు పూటపూటా అన్నం వండుకోవడం రెండు మూడు తరాల కిందట మొదలైన అలవాటే. నిజాం రాజ్యపు రెవెన్యూ లెక్కల్లో భూమిని తరి, ఖుష్కీ అని రెండుగా రాసేవారు. చెరువు, కుంట, బావి నీటితో సాగయ్యే మాగాణి తరి కాగా, వానను మాత్రమే నమ్ముకున్న మెట్ట ఖుష్కీ. ఈ ప్రాంతంలో ఖుష్కీయే ఎక్కువ కావడం వల్ల జొన్న, సజ్జ, కంది, ఆముదం పొలాలను ఆక్రమించాయి. చెరువు కింద పండిన కొద్దిపాటి వరి ఎక్కువగా శిస్తుకూ అమ్మకానికీ పోగా, వరి అన్నం పేదింట పండుగకో, చుట్టం వచ్చిన రోజుకో పరిమితమయ్యేది.

జొన్న మీద నడిచిన వంటింటికి తనదైన క్రమం ఉండేది. తెల్లవారకముందే విసుర్రాయి దగ్గర కూర్చున్న స్త్రీ జొన్నలను విసిరి జల్లెడ పట్టినప్పుడు కిందికి దిగిన పిండి రొట్టెకూ అంబలికీ, పైన మిగిలిన రవ్వ గట్కకూ పనికివచ్చేవి. గట్క అంటే ఆ రవ్వను ఎసట్లో పోసి గట్టిగా ఉడికించిన ముద్ద. జొన్నపిండిలో గోధుమకున్న సాగే గుణం లేదు గనుక రొట్టెను కర్రతో ఒత్తడం కష్టం; వేడినీళ్లతో కలిపిన పిండిని అరచేతితో తట్టి పలచన చేయాలి. ఈ విద్య తల్లి చేతిని చూసి కూతురు నేర్చుకునేదే తప్ప ఎక్కడా రాసి ఉన్నది కాదు. దాని చరిత్ర ఇంతగా మరుగున పడడానికి ఇదే ప్రధాన కారణం కావచ్చు.

ఈ క్రమం నాగార్జునసాగర్‌తో మారింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు; ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల్లో సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టును, అంటే కాలువ నీటితో సాగయ్యేలా నిర్ణయించిన భూమిని, ఉద్దేశించి తవ్వినది. త్రిపురారం మండలంలోని కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏర్పడడమూ ఈ మార్పులో భాగమే. ప్రాజెక్టు గురించి రాసినవారు టీఎంసీలనూ ఎకరాలనూ లెక్కించినంత శ్రద్ధగా, ఆ నీరు పొయ్యి మీది కుండలో తెచ్చిన మార్పును లెక్కించలేదు.

సాగర్ నీరూ కొత్త వరి విత్తనమూ దాదాపు ఒకేసారి రావడం విశేషం. ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్8 రకాన్ని విడుదల చేసింది. ఇండోనేషియాకు చెందిన పేట అనే పొడవాటి వరినీ, తైవాన్‌కు చెందిన డీ-జియో-వూ-జెన్ అనే పొట్టి వరినీ కలిపి సృష్టించిన సంకరం అది. పైరు పొట్టిది గనుక ఎరువు ఎక్కువ వేసినా సులువుగా పడిపోదు, దిగుబడి ఇబ్బడిముబ్బడిగా వస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లో దీన్ని సాగుచేసి తెలుగు రైతులకు పరిచయం చేసినవారిలో ముఖ్యుడు. పొలంలో గెలిచిన ఐఆర్8 వంటింట్లో మాత్రం ఓడిపోయింది. గింజ లావు, మరపట్టినప్పుడు నూక ఎక్కువ. పిండి పదార్థంలో అమైలోజ్ అనే అంశం అధికంగా ఉన్నందున అన్నం చల్లారగానే బిరుసెక్కేది. పొద్దున వండింది రాత్రికీ ఉంచుకునే ఇళ్లలో ఇది చిన్న లోపం కాదు.

ఈ తిరస్కారం తర్వాత వచ్చిన రకాల దారిని నిర్ణయించింది. మసూరి అనే వరి మరో ఆసియా సంకరం: ఇండికా, జపోనికా ఉపజాతులను కలిపేందుకు 1950లలో కటక్ కేంద్రంగా నడిచిన అంతర్జాతీయ పథకంలో, తైవాన్‌లో రూపొందిన తైచుంగ్ 65 అనే జపోనికా రకాన్నీ మలయాకు చెందిన మయాంగ్ ఎబోస్‌నూ కలపగా పుట్టి, మలేషియాలో స్థిరపడి, అక్కడి లంకావి దీవి పురాణకథలోని స్త్రీ పేరు పెట్టుకుని తిరిగి భారతదేశానికి చేరింది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణకూ, బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరికీ జనకుల్లో ఒకటి ఈ మసూరియే. సాంబ మసూరి వంశంలో తైవాన్‌కు చెందిన తైచుంగ్ నేటివ్ 1 కూడా ఉంది. సన్నని గింజ, పొడిపొడిగా ఉండి చల్లారినా మెత్తదనం చెడని అన్నం, ఈ రెండు గుణాలతో సాంబ మసూరి ఎడమ కాలువ కింది ఇళ్లలో నిలిచిపోయింది. నేటి పట్టణాల్లో ఫ్రైడ్ రైస్‌నూ నూడుల్స్‌నూ ఆసియా వంటగా భావించి ఆదివారం సరదాగా ప్రయత్నించే కుటుంబం, మిగిలిన ఆరు రోజులూ తినే పప్పన్నంలోనే మలేషియా, తైవాన్ విత్తనాల వారసత్వం ఉన్నదని గుర్తించదు. పైగా ఆ ఫ్రైడ్ రైస్‌కు తోడుగా వచ్చే మంచూరియా బొంబాయిలో పుట్టిన వంటకమే గాని చైనాది కాదు.

కాలువతో పాటు మనుషులూ వచ్చారు. డెల్టా సాగులో అనుభవమున్న కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు కుటుంబాలు ఆయకట్టులో భూములు కొని స్థిరపడడంతో, మినప్పప్పు నానబెట్టి రుబ్బి పులియబెట్టే ఇడ్లీ, దోసె పొద్దుటి ఆహారంగా పొరుగిళ్లకూ పరిచయమయ్యాయి. ఈ రాకపోకల్లో భూమి ధరల గురించీ, ఉద్యోగాల గురించీ పుట్టిన వైమనస్యాలు చరిత్రకు తెలిసినవే. పచ్చడి గిన్నె మాత్రం వాటిని పట్టించుకోకుండా గోడ దాటింది.

అదే కాలంలో కొత్త వంట అచ్చు ద్వారానూ ఇళ్లలోకి ప్రవేశించింది. మాలతీ చందూర్ రాసిన ‘వంటలు-పిండివంటలు’ అనేక ముద్రణలు పొంది, నోటి మాటగా ఉన్న పాళ్లను గ్లాసులూ చెంచాల కొలతల్లోకి మార్చింది. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాల పాటు నడిపిన ఆమెయే, ‘పాత కెరటాలు’ శీర్షికన ఆంగ్ల నవలలను క్లుప్తంగా తెలుగులో పరిచయం చేశారు. ఒకే రచయిత్రి ఒకవైపు కొత్త పిండివంటనూ, మరోవైపు ఎన్నడూ చూడని దేశపు నవలనూ అందించడం వల్ల, ఇల్లు కదలని పాఠకురాలికి ఈ రెండూ ఒకే కుతూహలానికి రెండు ముఖాలయ్యాయి. వారపత్రికను చుట్టుపక్కల ఇళ్లు పంచుకోవడం, నవలలను అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చుకుని గడువులోగా ముగించడం 1970, 80 దశకాల తెలుగు పట్టణాల్లో సాధారణ దృశ్యం.

తర్వాతి మలుపు ఫోను తెరది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత తెలుగు పుస్తకాల ప్రతులను డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు. 2016 తర్వాత మొబైల్ డేటా చౌక కావడంతో చదువు, వంట రెండూ ఒకే తెర మీదికి చేరాయి. వందేళ్లు దాటిన వయసులో గుంటూరు జిల్లాకు చెందిన మస్తానమ్మ కట్టెల పొయ్యి మీద చేసిన వంటలను ప్రపంచమంతటా లక్షల మంది చూశారు. జొన్న సైతం ఈ దారినే వెనక్కి వచ్చింది: తల్లి చేతి నుంచి జారిపోయిన రొట్టె తట్టే పద్ధతిని ఆయకట్టు కుటుంబాల కొత్త తరం తెరను చూసి నేర్చుకుంటున్నది, మధుమేహ భయం అందుకు తోడవుతున్నది.

వరి విషయంలో మాత్రం వంటింటి తీర్పు మారలేదు. యాసంగి, అంటే వేసవిలో కోతకు వచ్చే పంట, ఎండ తీవ్రతకు గింజ చిట్లి నూకవుతుంది గనుక మిర్యాలగూడ మిల్లులు ఆ వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యంగా మార్చి ఇతర రాష్ట్రాలకు పంపుతూ వచ్చాయి; ఇక్కడి ఇళ్లు దాన్ని తినవు. రేషన్ దుకాణపు దొడ్డు బియ్యాన్నీ చాలా కుటుంబాలు వండుకోక అమ్ముకున్నాయి. చివరకు 2025 మార్చి 30న, ఉగాది నాడు, రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించింది. ఆ సభ జరిగింది ఇదే ఎడమ కాలువ ఆయకట్టులోని హుజూర్‌నగర్‌లో.