రెక్క కింది అక్షరాలు: బొమ్మ విమానాల కాలనిర్ణయం

కాలనిర్ణయం అనగానే మనకు శాసనాలు, నాణేలు గుర్తుకు వస్తాయి. ఆ పద్ధతినే ఈసారి అరచేతిలో ఇమిడే లోహపు బొమ్మ విమానానికి వర్తింపజేద్దాం. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో ఒక పాత ఇంటి అటక మీద, ఇత్తడి సామాను మధ్య మీకు అలాంటిది దొరికిందనుకోండి. చాలామంది వెంటనే దాన్ని చింతపండుతో తోముతారు, లేదా కొత్త రంగు వేయిస్తారు. ఆ రెండూ చేయవద్దు. శాసనాన్ని చదవకముందే చెక్కేసినట్లవుతుంది.

వీటిని డై-కాస్ట్ బొమ్మలంటారు. కరిగించిన జింకు మిశ్రమలోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపి పోతపోస్తారు. వీటిలో బాగా పేరు పొందినవి ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో మెకానో కంపెనీ తయారుచేసిన డింకీ టాయ్స్. 1934లో వచ్చిన వాటి తొలి విమానాలలో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ ప్రయాణికుల విమానం ఒకటి. దానికి మూలమైన అటలాంటా రకం విమానాలు కరాచీ, కలకత్తాల మీదుగా సింగపూర్ మార్గంలో నడిచాయి. యుద్ధం వచ్చాక వాటిలో మిగిలిన వాటిని భారత వైమానిక దళం తీరప్రాంత గస్తీకి వాడుకుంది.

ఇక బొమ్మను తిరగేసి రెక్క కింద చూడండి. బ్లెన్‌హైమ్ అనే రెండు ఇంజన్ల బాంబరును ఉదాహరణగా తీసుకుందాం. 'బ్లెన్‌హైమ్ బాంబర్' అని ఉంటే అది తొలి విడత పోత. 'మీడియం బాంబర్' అని ఉంటే 1945 తరువాతిది. బొమ్మ ఆకారం అదే, పేరు మాత్రం మారింది. నేను ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. మూడు రోజుల తరువాత సింహళం నుంచి లేచిన బ్లెన్‌హైమ్‌లు జపాన్ విమానవాహక నౌకలపై దాడికి దిగాయి. తాడేపల్లిగూడెం రన్‌వే కూడా ఆ యుద్ధకాలపు నిర్మాణమే. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ ఊళ్లో బ్లెన్‌హైమ్ బొమ్మ దొరికినంత మాత్రాన ఆ రన్‌వే మీద బ్లెన్‌హైమ్‌లు దిగాయని రాయకూడదు. బొమ్మ ఎప్పుడు తయారైందో బొమ్మే చెబుతుంది. రన్‌వే మీద ఏవి దిగాయో తెలియాలంటే వైమానిక దళం రికార్డులు చూడాలి.

రెండవ ఆధారం లోహమే. జింకులో సీసం లేశమాత్రం ఎక్కువైనా, కొన్నేళ్లకు లోహం లోపలి నుంచి బీటలు వారుతుంది. రెక్క వంకరపోతుంది, ఉబ్బుతుంది, చివరకు బిస్కెట్టులా విరిగిపోతుంది. యుద్ధానికి ముందరి బొమ్మలలో ఈ జబ్బు ఎక్కువ, తరువాతి వాటిలో అరుదు. కాబట్టి సన్నటి పగులు నష్టమే అయినా, వయసుకు సాక్ష్యం కూడా. దీనికి మందు లేదు. పక్కనున్న బొమ్మకు అంటుకుంటుందన్న భయం మాత్రం వట్టిది. వేడి, తేమ దీన్ని త్వరపెడతాయి కనుక కొల్లేరు చుట్టుపక్కల గ్రామాలలో ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. వానాకాలంలో పుస్తకాలకే బూజు పట్టే ఇళ్లలో బొమ్మను ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టవద్దు. మందుల డబ్బాలలో వచ్చే సిలికా జెల్ పొట్లం పక్కన ఉంచితే కొంత మేలు. అట్టపెట్టె ఉంటే, చినిగినదైనా సరే, పారేయకండి.

నకళ్లు కూడా ఉన్నాయి. అసలు బొమ్మ నుంచి అచ్చు తీసి పోసిన నకలు, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల, కొంచెం చిన్నదిగా వస్తుంది. అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. రెక్కల కొలత తీసి పోల్చండి. మళ్లీ రంగు వేసిన బొమ్మలో అక్షరాల గాళ్లు రంగుతో పూడి ఉంటాయి.

మన దేశానికి సంబంధించిన ఘట్టం ఇంకొకటి ఉంది. నా దృష్టిలో అదే అన్నిటికన్నా ఆసక్తికరం. 1957 నాటి విదేశీ మారకద్రవ్య సంక్షోభం తరువాత దిగుమతులపై ఆంక్షలు బిగిశాయి. 1960ల చివర్లో డింకీ వాడి వదిలేసిన అచ్చులు కొన్ని కలకత్తాకు చేరాయి. అక్కడ ఎస్. కుమార్ అండ్ కో వాటితో నికీ టాయ్స్ పేరిట బొమ్మలు పోసింది. వాటిలో కార్లతోపాటు లైట్నింగ్, సీ విక్సెన్ వంటి జెట్ విమానాలూ ఉన్నాయి. పాత అచ్చులో ఉన్న డింకీ పేరును చెరిపేశారు. అందువల్ల బొమ్మ అడుగున పేరు ఉండవలసిన చోట గీసేసిన గరుకు జాగా కనిపించవచ్చు. పోత కాస్త ముతకగా, రంగు మందంగా ఉంటుంది. తెలియనివారు దీన్ని దొంగసరుకు అనుకుంటారు. కాదు. ఒక అచ్చు లివర్‌పూల్‌లో అరిగి, సముద్రం దాటి, కలకత్తాలో మళ్లీ పనికి ఎక్కిందనడానికి ఆ గరుకు జాగాయే రుజువు. దాన్ని అరగదీసి నున్నగా చేసి 'అసలు డింకీ' అని అమ్మేవారు ఉండవచ్చు. అలా చేస్తే ఇంగ్లండు బొమ్మ రాదు, మన దేశపు పారిశ్రామిక చరిత్రలో ఒక పత్రం మాత్రం పోతుంది.

మీకు బొమ్మ దొరికితే భూతద్దంతో అడుగుభాగం చూసి, కనిపించిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్లుగా రాసుకోండి. చెరిపిన చోటును కూడా గుర్తించండి. ఫోటో తీయండి, తూచండి, రెక్కలు కొలవండి. ఆ తరువాత ఇంట్లో పెద్దవారిని అడగండి: ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, ఎవరి కోసం? వారు చెప్పింది వారి మాటల్లోనే, తేదీ వేసి, విడి కాగితం మీద రాసి బొమ్మతోపాటు పెట్టండి.