తంతి చట్టం: ఒక వలస శాసనపు దీర్ఘాయువు

భారతదేశంలో టెలిగ్రాం పంపే సదుపాయం 2013 జూలైలో నిలిచిపోయింది. ఆ సదుపాయం కోసమే పుట్టిన 1885 నాటి భారత తంతి చట్టం మాత్రం అంతటితో అంతరించలేదు. ఆ తర్వాత మరో పదేళ్లపాటు సెల్‌ఫోన్ కంపెనీలకు లైసెన్సులు ఇచ్చినా, పౌరుల ఫోన్ సంభాషణలను రహస్యంగా వినేందుకు ఉత్తర్వులు జారీచేసినా, ఒక జిల్లాలో ఇంటర్నెట్‌ను ఆపివేసినా, చివరికి రైతు పొలంలో విద్యుత్ టవరు నిలబెట్టినా అధికారులు ఆధారంగా చూపినది ఆ చట్టాన్నే. కొత్త సాంకేతికత వచ్చినప్పుడు దానికి తగిన కొత్త శాసనం చేయడం కన్నా పాత శాసనపు నిర్వచనాన్ని సాగదీయడమే పరిపాటి కావడం వల్ల, వలస ప్రభుత్వం తన భద్రత కోసం తీగల మీద ఏర్పరచుకున్న రెండు అధికారాలు, అంటే గుత్తాధిపత్యమూ సందేశాలను దారిలో అడ్డగించే హక్కూ, టెలిఫోన్‌కూ రేడియోకూ టెలివిజన్‌కూ ఇంటర్నెట్‌కూ పెద్దగా చర్చ లేకుండానే వారసత్వంగా సంక్రమించాయి.

కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన ఐర్లండ్ వైద్యుడు విలియం ఓషాఘ్నెసీ 1839లో కలకత్తా దగ్గర తీగలు కట్టి విద్యుత్ సంకేతాలు పంపే ప్రయోగాలు చేశాడు. పదేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోని ఆ ప్రయోగానికి గవర్నర్ జనరల్ డల్హౌసీ అండ దొరికాక, 1851 నాటికి కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ వరకు తంతి మార్గం ఏర్పడింది. మరి కొద్ది సంవత్సరాలలోనే ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలు తీగల మీద కలిశాయి. తంతి మార్గాలు నెలకొల్పే హక్కును ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికే పరిమితం చేస్తూ 1854లో తొలి చట్టం వచ్చింది. బ్రిటన్‌లో అప్పటికి తంతి వ్యవస్థ ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉందనీ, అక్కడి ప్రభుత్వం దానిని 1870లో గాని స్వాధీనం చేసుకోలేదనీ గుర్తుంచుకుంటే, ఇక్కడ మొదటినుంచీ గుత్తాధిపత్యం ఎందుకు అవసరమైందో ఊహించడం కష్టం కాదు. 1857 తిరుగుబాటులో దండు కదలికల వార్తలను తీగల ద్వారా అందుకోగలగడం కంపెనీకి ఎంత ఉపకరించిందో, తిరుగుబాటుదారులు ఆ తీగలను తెంచడానికి ఎంత తాపత్రయపడ్డారో చరిత్రకారులు వివరంగా రాశారు. 1860లోనూ 1876లోనూ సవరించి రాసిన చట్టాల అనుభవమంతా 1885 చట్టంలోకి ప్రవహించింది.

ఆ చట్టంలో ముఖ్యమైనవి మూడు సెక్షన్లు. సెక్షన్ 3 తంతి అంటే ఏమిటో నిర్వచించింది. సెక్షన్ 4 తంతి వ్యవస్థను నెలకొల్పి నడిపే ప్రత్యేకాధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టి, ప్రభుత్వం కోరుకుంటే షరతులతో ఇతరులకు లైసెన్సు ఇవ్వవచ్చునని ఒక మినహాయింపు చేర్చింది. సెక్షన్ 5 ప్రకారం ప్రజా అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడు గానీ ప్రజా భద్రత దృష్ట్యా గానీ ఏ సందేశాన్నైనా ఆపవచ్చు, చదవవచ్చు, ప్రభుత్వానికి అందించమనవచ్చు. అత్యవసరం ఉన్నదా లేదా అన్న సందేహం వస్తే ప్రభుత్వ కార్యదర్శి సంతకం చేసిన ధ్రువపత్రమే తిరుగులేని సాక్ష్యమని కూడా మూల చట్టం చెప్పింది; అంటే అధికారాన్ని వాడేవాడే దాని అవసరాన్ని కూడా నిర్ణయిస్తాడు.

టెలిఫోన్‌తో చిక్కు రాకపోవడానికి కారణం నిర్వచనంలోనే ఉంది. టెలిఫోన్ కూడా తంతి పరిధిలోకే వస్తుందా అన్న వివాదం లండన్‌లో ఎడిసన్ టెలిఫోన్ కంపెనీ విషయంలో తలెత్తగా, అక్కడి న్యాయస్థానం 1880లో వస్తుందనే తీర్పు చెప్పింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో 1882లో ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ ఎక్స్‌ఛేంజీలు తెరిచింది. ఆ తర్వాత మూడేళ్లకు వచ్చిన భారత చట్టం సందేహానికి తావివ్వకుండా టెలిఫోన్ సంభాషణను కూడా నిర్వచనంలో కలిపేసుకుంది. 1961లో చేసిన సవరణతో ఆ నిర్వచనం మరింత విస్తరించి, సంకేతాలు, రాతలు, బొమ్మలు, ధ్వనులు, ఏ రకమైన సమాచారమైనా సరే, తీగ ద్వారా గానీ రేడియో తరంగాల ద్వారా గానీ పంపే, అందుకునే సాధనాలన్నిటినీ తనలో ఇముడ్చుకుంది. ఇంటర్నెట్ ఊహకు కూడా అందని రోజుల్లో రాసిన ఆ వాక్యం, తర్వాతి కాలంలో ఇంటర్నెట్‌కు సరిగ్గా సరిపోయింది.

చట్టంలో అంతగా ప్రచారం లేని భాగం ఒకటి పల్లెలకు బాగా తెలుసు. తంతి స్తంభాలు పాతడానికి ఎవరి భూమినైనా సేకరించనక్కర లేకుండా వాడుకోవచ్చుననీ, జరిగిన నష్టానికి పరిహారం చెల్లిస్తే చాలుననీ సెక్షన్ 10 చెప్పింది. భూమి యాజమాన్యం రైతుదే, వినియోగ హక్కు మాత్రం తంతి శాఖది. ఈ అధికారాన్ని విద్యుత్ లైన్లు వేసే సంస్థలకు ఇవ్వవచ్చునని 1910 నాటి విద్యుచ్ఛక్తి చట్టం అనుమతించింది, 2003 నాటి విద్యుత్ చట్టం సెక్షన్ 164లో దానినే కొనసాగించింది. సన్నని తంతి స్తంభానికి ఉద్దేశించిన ఏర్పాటు ఈ విధంగా నాలుగు కాళ్ల అధిక వోల్టేజీ టవరుకు అన్వయించింది. టవరు కింది భూమికి, తీగల కింద విలువ తగ్గిపోయిన భూమికి చాలినంత పరిహారం రావడం లేదన్న రైతుల ఫిర్యాదులకు మూలం చాలావరకు ఈ అతుకులోనే ఉంది.

రేడియో రాకతో ప్రభుత్వానికి కొత్త ఇబ్బంది ఎదురైంది. తీగ ఉంటే దానిని కనిపెట్టవచ్చు. గాలిలో వచ్చే ధ్వనిని ఇంట్లో కూర్చొని వినేవాణ్ని పట్టుకోవడం ఎలా? మద్రాసులో 1924లో ఔత్సాహికులు రేడియో క్లబ్బు పెట్టుకొని ప్రసారాలు చేశారు గానీ డబ్బు చాలక 1927లో మూసేశారు. అదే సంవత్సరం బొంబాయిలో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, శ్రోతలు ఏటా చెల్లించే 10 రూపాయల లైసెన్సు రుసుములో తనకు దక్కే వాటా మీదా, సెట్ల దిగుమతి మీద వచ్చే మొత్తం మీదా ఆధారపడింది. రుసుము చెల్లించకుండా వినేవారు ఎక్కువ కావడం ఆ కంపెనీ 1930లో దివాలా తీయడానికి ఒక ముఖ్య కారణం. దానికి జవాబుగా వచ్చిన 1933 భారత వైర్‌లెస్ తంతి చట్టం సెట్టును వాడడాన్నే కాదు, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడాన్ని కూడా నేరం చేసింది. తపాలా కార్యాలయానికి వెళ్లి రుసుము కట్టి చిన్న పుస్తకంలో స్టాంపులు అంటించుకునే పద్ధతి 1980ల మధ్య వరకు సాగింది. బ్రిటిష్ పాలిత ప్రాంతానికి వెలుపల హైదరాబాద్ సంస్థానంలో 1930లలో ప్రైవేటుగా మొదలై 1935లో నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న దక్కన్ రేడియో కూడా 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిపోవడంతో, దేశంలో ప్రసారాలన్నీ ఒకే గుత్తాధిపత్యం కిందకు వచ్చాయి. అంతకుముందు 1942లో ఉషా మెహతా మొదలైనవారు రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియోను వలస ప్రభుత్వం మూడు నెలలలోపే పట్టుకొని, నడిపినవారిని శిక్షించింది. లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్‌ను నేరంగా చూసిన ఆ చట్టాలనే స్వతంత్ర ప్రభుత్వం అలాగే ఉంచుకోవడం గమనించదగినది.

ఈ గుత్తాధిపత్యం మీద గట్టి దెబ్బ క్రికెట్ వల్ల తగిలింది. 1993 హీరో కప్ పోటీల ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం విదేశీ సంస్థకు అమ్మగా, సెక్షన్ 4 ప్రకారం తన అనుమతి లేకుండా ప్రసారం కుదరదని ప్రభుత్వం వాదించింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిని ప్రజల ప్రయోజనం కోసం నియంత్రించేందుకు స్వతంత్ర సంస్థ ఉండాలనీ చెప్పింది. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు విడిగా తీర్పు రాసిన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, ప్రసార మాధ్యమం వంటి ముఖ్యమైన సాధనాన్ని నడిపించడానికి 1885 చట్టం ఏమాత్రం చాలదనీ, పార్లమెంటు త్వరగా ఆ లోటు పూడ్చాలనీ స్పష్టం చేశారు. ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని కాదన్నంత మాత్రాన ప్రైవేటు సంస్థలకు ప్రసార హక్కు రాజ్యాంగం నుంచే సంక్రమించదని కూడా ఆయన హెచ్చరించారు. 1997లో పార్లమెంటు ముందుకు వచ్చిన ప్రసారాల బిల్లు లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. కేబుల్ టీవీకి మాత్రం 1995లోనే విడిగా చట్టం వచ్చింది. ప్రైవేటు ఛానెళ్లు పెరుగుతూ పోయాయి, స్వతంత్ర సంస్థ మాత్రం రాలేదు.

తీర్పు వెలువడిన తర్వాత కూడా ప్రజల ఆస్తి ప్రజల చేతికి ఎంత ఆలస్యంగా అందిందో తెలుగు నేలపై జరిగిన రెండు సంఘటనలు చూపుతాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో ‘మన రేడియో’ పేరుతో, ఊరి పొలిమేర దాటి పెద్దగా వినిపించని అతి తక్కువ శక్తి గల ప్రసారం మొదలుపెట్టారు. లైసెన్సు లేదన్న కారణంతో కొద్ది నెలలకే, 2003లో, అధికారులు పరికరాలు స్వాధీనం చేసుకున్నారు. మరోవైపు జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు, యునెస్కో సాయంతో 1990ల చివరినాటికే స్టూడియో సిద్ధం చేసుకొని, గాలిలోకి పంపే అనుమతి లేక ఏళ్ల తరబడి తమ కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల సమావేశాలలో వినిపించుకున్నారు. విత్తనాలు, వైద్యం, పాటలు, స్థానిక వివాదాలు అన్నీ వారి సొంత యాసలోనే ఉండేవి. స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియోను అనుమతిస్తూ 2006లో ప్రభుత్వ విధానం మారిన తర్వాత గాని వారికి లైసెన్సు దక్కలేదు. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో ప్రసారాలను ప్రారంభించినవారు, గాలి తరంగాల తీర్పు రాసిన జస్టిస్ సావంత్. తీర్పుకూ ప్రసారానికీ మధ్య పదమూడేళ్లు గడిచాయి. అదే కాలంలో సెక్షన్ 4లోని పాత మినహాయింపును ఆధారం చేసుకొని 1994 నుంచి ప్రైవేటు కంపెనీలకు టెలిఫోన్, సెల్‌ఫోన్ లైసెన్సులు ఇవ్వడాన్ని 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టం ఒక్కటే, మినహాయింపు ఒక్కటే. అది పెట్టుబడికి తొందరగానూ పల్లె మహిళలకు నిదానంగానూ తెరుచుకుంది.

సెక్షన్ 5 కథ ఇంకా చీకటిది. 1972 సవరణ కార్యదర్శి ధ్రువపత్రాన్ని తిరుగులేనిదిగా భావించే పద్ధతిని తీసివేసి, దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, నేరప్రేరణ నివారణ అనే కారణాలు ఉంటేనే సందేశాలను అడ్డగించాలన్నది. ఉత్తర్వు ఎవరు ఇవ్వాలి, ఎన్నాళ్లు చెల్లుతుంది, ఎవరు సమీక్షించాలి అన్న నియమాలు మాత్రం ఎవరూ రాయలేదు. ఫోన్ల మీద నిఘా ఆరోపణలతో 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పదవి వదులుకున్నారు. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్‌పై సీబీఐ నివేదిక 1991లో పత్రికలో వెలుగు చూశాక, పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు తీర్పిస్తూ, శతాబ్దం దాటినా నియమాలు చేయని ప్రభుత్వ నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపి తానే వాటిని రూపొందించింది: ఉత్తర్వు హోం కార్యదర్శే ఇవ్వాలి, రెండు నెలలకు మించకూడదు, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, సమీక్షా సంఘం పరిశీలించాలి. అయితే న్యాయమూర్తి ముందస్తు అనుమతి ఉండాలన్న వాదనను చట్టంలో అందుకు చోటు లేదని అంగీకరించలేదు. నిఘా పెట్టేదీ ఆ నిఘాను సమీక్షించేదీ ప్రభుత్వాధికారులే అయిన ఈ ఏర్పాటు ఎంత పలచనిదో, 2024లో హైదరాబాద్‌లో నమోదై రాష్ట్ర రాజకీయాలను కుదిపిన ఫోన్ ట్యాపింగ్ కేసు మళ్లీ చర్చకు తెచ్చింది.

పోలీసు నిఘాకు సంబంధించిన ఖరక్ సింగ్ కేసులో గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని 1962లోనే భిన్నాభిప్రాయం రాసిన తెలుగు న్యాయమూర్తి కోకా సుబ్బారావు వాదన, 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు గెలిచింది. విచిత్రమేమిటంటే అదే ఆగస్టు నెలలో, 1885 చట్టం కిందనే, ఇంటర్నెట్‌ను తాత్కాలికంగా నిలిపివేసే నియమాలు కూడా అమల్లోకి వచ్చాయి. సందేశం ఒక్కటి ఆపడానికి వాడిన “ప్రజా అత్యవసర పరిస్థితి” అన్న మాట ఇప్పుడు లక్షలాది మంది సందేశాలన్నీ ఒకేసారి ఆపడానికి పనికొచ్చింది. ఇంటర్నెట్ నిలిపివేతను ప్రశ్నించిన అనూరాధా భసీన్ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు, ఇటువంటి ఉత్తర్వులను ప్రచురించాలనీ, నిరవధికంగా కొనసాగించరాదనీ చెప్పింది.

2023 డిసెంబరులో ఆమోదం పొంది, 2024 జూన్ నుంచి దశలవారీగా అమలులోకి రావడం మొదలైన టెలికమ్యూనికేషన్ల చట్టం 1885, 1933 చట్టాల స్థానంలో వచ్చింది. ప్రజల తరఫున తరంగాలకు కేంద్ర ప్రభుత్వమే యజమాని అని అది ప్రకటించింది; ప్రజల ఆస్తి అన్న 1995 తీర్పు మాట ఇక్కడ ప్రభుత్వ యాజమాన్యంగా రూపాంతరం చెందింది. లైసెన్సు స్థానంలో అనుమతి అన్న మాట వచ్చింది. సందేశాల అడ్డగింత, సేవల నిలిపివేత సెక్షన్ 20లో చోటు చేసుకున్నాయి, ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత అన్న 1885 నాటి షరతులు కూడా వాటితోనే వచ్చాయి. న్యాయమూర్తి ముందస్తు అనుమతి ఈసారి కూడా చేరలేదు. తీగ, రేడియో, కాంతి, విద్యుదయస్కాంత మార్గాలలో ఏ సందేశం పంపినా టెలికమ్యూనికేషనే అన్నంత విశాలంగా కొత్త నిర్వచనం ఉండగా, వాట్సాప్ వంటి సందేశ సేవలు అందులోకి రావని అప్పటి టెలికాం మంత్రి చెప్పారు. ఆ మినహాయింపు మంత్రి మాటలో ఉన్నదే గాని చట్టం పాఠంలో లేదు కాబట్టి, అవి ఈ చట్టం కిందికి వస్తాయా రావా అన్నది తేలడానికి మరో వ్యాజ్యం అవసరం కావచ్చు.