ఉప్పుకి తగ్గ మనిషి

"ఎనీ ప్రోగ్రామర్ వర్త్ హిజ్ సాల్ట్..." అన్న మాట మన ఫీల్డులో తరచూ వినబడుతుంది. తీసుకునే జీతానికి తగ్గ పని చేసేవాడు, పనికొచ్చేవాడు అని అర్థం. దీని వెనక కథ కూడా చాలామందికి తెలుసు. రోమన్ సైనికులకి జీతం ఉప్పు రూపంలో ఇచ్చేవారట, శాలరీ అన్న మాట అలా పుట్టిందట.

కథలో కొంతే నిజం. శాలరీకి మూలం లాటిన్ 'సలారియం'. అందులోని 'సల్' అంటే ఉప్పే. క్రీ.శ. 79లో చనిపోయిన ప్లినీ తన 'నాచురల్ హిస్టరీ'లో ఈ రెంటినీ ముడిపెట్టాడు కూడా. కానీ సైనికులకి జీతం కింద ఉప్పు కొలిచి ఇచ్చారని ఆయన చెప్పలేదు. సైనికుడి జీతాన్ని 'స్టిపెండియం' అనేవారు. అగస్టస్ కాలంలో అది ఏడాదికి 225 దెనారీలు. అంటే వెండి నాణేలన్నమాట! పైగా ఇంగ్లీషులో ఈ నుడికారం అచ్చులో కనబడేది 19వ శతాబ్దంలో. 476లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలిన 1300 ఏళ్ళ తర్వాత!

సరే, మరి మన ఉప్పు సంగతి? "ఆయన ఉప్పు తిన్నాను" అని మనమూ అంటాం. కానీ అక్కడ లెక్క పనిది కాదు, విశ్వాసానిది. హిందీలో 'నమక్ హలాల్', 'నమక్ హరామ్' కూడా అంతే. ఈ భావం ఇక్కడి ఇంగ్లీషువాళ్ళకీ బాగా పనికొచ్చింది. 1857లో తమ పక్షాన నిలబడిన సిపాయిలని 'ట్రూ టు దెయిర్ సాల్ట్' అని మెచ్చుకున్నారు. ఉప్పు ఒకటే, కొలత వేరు. మొదటిది "నువ్వు ఎంత పనికొస్తావు?" అని అడుగుతుంది. రెండోది "నువ్వు ఎవరి మనిషివి?" అని అడుగుతుంది.

ఈ తేడా తెలిసుంటే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే కంపెనీలు రెండు ఉప్పులూ వాడతాయి. మనం రాజీనామా ఇస్తే "ఇన్నాళ్ళు కంపెనీ నీకు ఎంత చేసింది!" అని విశ్వాసం గుర్తుచేస్తారు. అదే లేఆఫ్ రోజున విశ్వాసం ఊసే ఉండదు, "ఈ రోల్ ఇక అవసరం లేదు" అంటారు. అప్పుడు లెక్క పనికొచ్చే ఉప్పుది!

జీతం పనికి ఇచ్చే కూలి. ఆ పని నిజాయితీగా చేస్తే ఉప్పు బాకీ తీరినట్టే. వేరే చోటికి వెళ్ళినంత మాత్రాన తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదు. ఏమంటారు?