సస్కాచెవాన్ నది

పశ్చిమ కెనడాలోని ప్రెయిరీ మైదానాల ప్రధాన నది ఇది. రాకీ పర్వతాల నుంచి దిగివచ్చే రెండు నదులు ప్రిన్స్ ఆల్బర్ట్‌కు తూర్పున కలిసి సస్కాచెవాన్ అవుతాయి. ఉత్తర సస్కాచెవాన్ కొలంబియా మంచుక్షేత్రంలో పుట్టి, ఎడ్మంటన్ మీదుగా 1,287 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. బో, ఓల్డ్‌మన్ నదుల కలయికతో ఏర్పడే దక్షిణ సస్కాచెవాన్ ఒడ్డున మెడిసిన్ హ్యాట్, సాస్కటూన్ నగరాలున్నాయి. సంగమం తర్వాత నది సుమారు 550 కిలోమీటర్లు సాగి విన్నిపెగ్ సరస్సులో చేరుతుంది. ఆ నీరు నెల్సన్ నదిగా హడ్సన్ అఖాతానికి పోతుంది.

మైదానాల నదే అయినా దీని నీటిలో ఎక్కువ భాగం మైదానానిది కాదు, కొండల్లో కరిగిన మంచుది. దక్షిణ సస్కాచెవాన్ దాటే నేల అయితే మరీ మెట్ట. అందుకే ఇక్కడి చరిత్రలో చాలా తగాదాలు ఈ నది ఒడ్డు కోసం, నీటి కోసం జరిగినవే.

ఈ నదీమార్గం మొదట క్రీ తదితర ఆదివాసీ జాతులది. హడ్సన్స్ బే కంపెనీ సముద్రతీరం వదిలి పశ్చిమాన లోపలి భూభాగంలో పెట్టిన తొలి బొచ్చు తోళ్ల వర్తక స్థావరం కంబర్లాండ్ హౌస్. 1774లో శామ్యూల్ హెర్న్ దాన్ని ఈ నది మార్గంలోనే కట్టాడు. తోళ్లు మోసే పడవవాళ్లకు మైదానాల బైసన్ మాంసంతో చేసిన పెమ్మికన్ ఆహారం. ఆ బైసన్ మందలు అంతరించడంతో ఆదివాసులు ఆకలి పాలయ్యారు.

ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ సంతతివారైన మెటీ ప్రజలు దక్షిణ సస్కాచెవాన్ గట్టున, ప్రతి ఇంటికీ ఏటి రేవు దక్కేలా సన్నని పొడవాటి చేలు వేసుకున్నారు. ప్రభుత్వ సర్వే మాత్రం భూమిని చదరాలుగా కొలిచింది. హక్కుల కోసం వాళ్లు పెట్టుకున్న అర్జీలు ఫలించలేదు. 1885లో లూయీ రియెల్, గాబ్రియెల్ డ్యూమాంట్ నాయకత్వంలో తిరగబడ్డారు. మే నెలలో బటోష్ దగ్గర సైన్యానికి సాయంగా వచ్చిన నార్త్‌కోట్ ఆవిరి పడవ పొగగొట్టాలను, రేవు దాటించే ఇనుప తాడును కిందికి దించి పడగొట్టారు. అయినా నాలుగు రోజుల పోరులో ఓడిపోయారు. నవంబరు 16న రియెల్‌ను రెజీనాలో ఉరితీశారు. ఆ అర్జీలను సకాలంలో పట్టించుకుని ఉంటే ఇంత రక్తపాతం జరిగేది కాదు.

1967లో పూర్తయిన గార్డినర్ ఆనకట్ట వెనుక డీఫెన్‌బేకర్ జలాశయం ఏర్పడి సాగునీరు, తాగునీరు, విద్యుత్తు అందిస్తోంది. 1969 ఒప్పందం ప్రకారం ఆల్బర్టా తూర్పుకు పారే నదుల సహజ ప్రవాహంలో సగం సస్కాచెవాన్ రాష్ట్రానికి వదలాలి. ఆ రాష్ట్రం కూడా తన వాటా ఉంచుకుని మిగతాది మానిటోబాకు పంపాలి. దిగువన కంబర్లాండ్ హౌస్ చుట్టూ ఉన్న విశాల డెల్టాలో చేపలు, మస్క్‌రాట్‌ల మీద బతికే క్రీ, మెటీ కుటుంబాలున్నాయి. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపేయడం, విద్యుత్తు అవసరాన్ని బట్టి నీటిమట్టం మారడం వాళ్ల జీవనాన్ని దెబ్బతీశాయి. అయితే 1969 నీటి ఒప్పందంపై సంతకాలు చేసింది కేంద్రం, మూడు రాష్ట్రాలు మాత్రమే, ఈ కుటుంబాలు కాదు.