కానుకపెట్టెలో ఏ సొమ్ము?

ఇస్కరియోతు యూదా తిరిగి తెచ్చిన 30 వెండి నాణేలను ప్రధాన యాజకులు కానుకపెట్టెలో వేయలేదు (మత్తయి 27:6). అయితే వాటిని మొదట యూదాకు ఇచ్చింది వారే.

1905లో అమెరికాలోని కాంగ్రిగేషనల్ సంఘాల విదేశీ మిషనరీ బోర్డుకు స్టాండర్డ్ ఆయిల్ అధిపతి రాక్‌ఫెల్లర్ 1,00,000 డాలర్లు ఇచ్చారు. పోటీదారులను అణగదొక్కి సంపాదించిన సొమ్ము దేవుని పనికి తగదని పాస్టర్ వాషింగ్టన్ గ్లాడెన్ అడ్డుచెప్పారు. తీరా చూస్తే, ఆ కానుక బోర్డే అడిగిందని తేలింది. సొమ్ము మాత్రం తిరిగి వెళ్లలేదు.

మద్యం, పొగాకు, జూదం వ్యాపారుల నుండి కానుక వస్తే సేవాసంస్థలు చూడవలసినవి మూడు: ఆ వ్యాపారం వల్ల నష్టపోయినవారికే మనం సేవ చేస్తున్నామా? దాత తన పేరుకు ప్రచారం కోరుతున్నారా? పుచ్చుకున్నాక ఆ వ్యాపారం తప్పని చెప్పగలమా? ఈ నియమాన్ని కానుక రాకముందే కమిటీ రాసిపెట్టుకోవాలి. చెక్కు చేతిలో ఉన్నప్పుడు మనస్సాక్షి మెత్తబడుతుంది.