కారులో కచేరీ

మనవాళ్ళు కొత్త కారు కొన్నాక చేసే మొదటి పని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. రెండోది, పాటల యంత్రం పనిచేస్తోందో లేదో చూసుకోవడం. బ్రేకుల సంగతి, హారను సంగతి ఆ తరవాతే! దీనికి కుర్రకారునొక్కళ్ళనే తప్పు పట్టి లాభంలేదు. కారులో పాట వినాలన్న సరదాకి తొంభయ్యేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. అందులోనూ కారులో పళ్ళెం తిప్పి పాట వినాలన్న కోరిక, దానికోసం పెద్దపెద్ద ఇంజనీర్లు పడ్డ అవస్థ ఓ నవలకి సరిపోతాయి.

ముందుగా వచ్చింది రేడియో. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అనే ఆయన కార్లలో బిగించే రేడియోకి మోటరోలా అని పేరు పెట్టి అమ్మాడు. మోటారు కారులోని ‘మోటార్’, ఆ రోజుల్లో ఇంటింటా ఉండే విక్ట్రోలా గ్రామఫోను తోక ‘ఓలా’ కలిపితే మోటరోలా. పేరులోనే గ్రామఫోను ఉందన్నమాట. ఆ సంవత్సరమే మసాచుసెట్స్ రాష్ట్రంలో కార్లలో రేడియో కూడదు, నిషేధించాలి అని ప్రతిపాదన వచ్చింది. తోలేవాడి ధ్యాస రోడ్డుమీద నిలవదని ఒక పక్షం, పాట ఉంటే నిద్ర రాకుండా ఉంటుందని రెండో పక్షం. ఇవాళ్టికీ విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే ప్రతి కారులోనూ ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య జరిగే వాదన ఇదే. నెగ్గేది ఎప్పుడూ పాటే అనుకోండి!

అయితే రేడియోతో ఓ చిక్కుంది. వాళ్ళు వేసిందే మనం వినాలి. మీకు లాలిపాట కావాలనిపించినప్పుడు వాడు పంచదార ధరవరలు చదువుతూంటాడు. ఊరు దాటి కొండల్లోకి వెళ్ళారా, గొరగొర తప్ప మరేం వినిపించదు. ఇంట్లో అలమర నిండా ఉన్న నా రికార్డులు నా కారులో ఎందుకు మోగకూడదు? ఈ ప్రశ్న వేసుకున్నవాడు పీటర్ గోల్డ్‌మార్క్.

ఈయన 1906లో బుడాపెస్టులో పుట్టి అమెరికా చేరినవాడు. సీబీఎస్ సంస్థలో పరిశోధనశాల నడిపాడు. సంగీతమంటే ప్రాణం. ఓసారి స్నేహితుల ఇంట్లో బ్రామ్స్ కచేరీ రికార్డు వింటూంటే, రసపట్టుకి వచ్చేసరికల్లా పళ్ళెం అయిపోవడం, లేచి ఇంకోటి వేయడం! నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు ఒకవైపు వాయించేది నాలుగు నిమిషాలే మరి. ఆ విసుగులోంచే పుట్టిందిట ఆయన పట్టుదల. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్‌ప్లే రికార్డును విడుదల చేసింది. దాని వెనక గోల్డ్‌మార్క్ బృందం ఉంది. మన ఇళ్ళలో సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం తిరిగిన నల్లటి పెద్ద పళ్ళెం ఆ జాతిదే.

ఆ తరవాత కారుమీద పడింది ఆయన చూపు. గతుకుల రోడ్డుమీద గాడిలో ముల్లు నిలవడమంటే మాటలా? మన ఇళ్ళలో పిల్లాడు గది మధ్యలో గెంతితేనే రికార్డు ఎగిరిపడి ఒకే మాట పదిసార్లు పాడేది. గోల్డ్‌మార్క్ చేసిన ఉపాయాలు రెండు. మొదటిది, ముల్లు పట్టే చేతిని ఎటూ బరువు మొగ్గకుండా, త్రాసు ముల్లులా సరితూకంగా చేశాడు. రెండోది, పళ్ళాన్ని ఏడంగుళాలకి కుదించి, దాని వేగాన్ని సగానికి, అంటే నిమిషానికి 16⅔ చుట్లకి తగ్గించాడు. అంగుళం మేరలో 550 గాడులు ఇరికించాడు. చిన్న సాసరంత రికార్డు ఒకవైపు ముప్పావుగంట పాడుతుంది. తోలేవాడికి మాటిమాటికీ పళ్ళెం మార్చే పని తప్పింది. అదీ ఆయన అసలు ఆలోచన.

1955లో క్రైస్లర్ కంపెనీ దీన్ని ప్రకటించింది. 1956 నమూనా కార్లలో ‘హైవే హై-ఫై’ అనే పేరుతో బిగించి ఇచ్చింది. వాడే పద్ధతి చూడండి. డాష్‌బోర్డు కింద మధ్యలో చిన్న పెట్టె. మూత తీసి అరని ముందుకి లాగాలి. పళ్ళెం వేసి, ముల్లు పట్టుకుని అంచుమీద పెట్టి, అరని లోపలికి తోసెయ్యాలి. రేడియో మీటను గ్రామఫోను వైపు తిప్పితే రేడియో గొంతులోంచే పాట వస్తుంది. ఈ పనంతా కారు నడుపుతూ చేయగలరా అని అడక్కండి. ప్రకటన బొమ్మల్లో మాత్రం నవ్వుతూ ఒంటి చేత్తో చేసేసేవారు.

కారుతోపాటు ఆరు రికార్డులు ఇచ్చేవారు. అచ్చయిన వాటిల్లో చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ, ‘పజామా గేమ్’ అనే సంగీత నాటకం, బెర్నార్డ్ షా రాసిన ‘డాన్ హువాన్ ఇన్ హెల్’ ఉన్నాయి. నరకంలో జరిగే తాత్విక సంభాషణ వింటూ భార్యాబిడ్డలతో సముద్రతీరానికి షికారు వెళ్ళడం ఎంత బాగుంటుందో ఊహించుకోండి! పిల్లలకోసమని డేవీ క్రాకెట్ కథలు కూడా వేశారనుకోండి, పాపం.

బరువైన పెద్ద కార్లలో యంత్రం బుద్ధిగానే పాడిందిట. తేలికరకం బళ్ళలో ముల్లు గెంతిందని ఫిర్యాదులు. అమ్మిన చోట బాగుచేసే మెకానిక్కులకి దాని లోపలి సంగతి తెలియదు. కానీ నా ఉద్దేశంలో దాన్ని చంపింది గతుకులు కావు. ఆ 16⅔ చుట్ల సన్నగాడి రికార్డులు ఒక్క కంపెనీయే చేసేది. వాళ్ళు నలభై చిల్లర పళ్ళాలు అచ్చువేసి ఊరుకున్నారు. ఇంట్లో మీకున్న రికార్డు కారులో తిరగదు, కారులోది ఇంట్లో తిరగదు. రేడియోవాడి పెత్తనం వదిలించుకుందామని రెండొందల డాలర్లదాకా పోసి కొంటే, రికార్డులవాడి పెత్తనం నెత్తిన పడింది. పుట్టింటి నగ అత్తింట్లో పెట్టుకోకూడదంటే ఏ ఆడపిల్ల సంతోషిస్తుంది? రెండేళ్ళు తిరిగేసరికి హైవే హై-ఫై మూలపడింది.

1960లో అదే క్రైస్లర్ కార్లలో ఆర్‌సీఏ వాళ్ళ యంత్రం వచ్చింది. ఇది బజారులో దొరికే మామూలు 45 చుట్ల రికార్డులనే వాయిస్తుంది. పద్నాలుగు రికార్డులు దొంతరగా పేర్చవచ్చు. బుద్ధి వచ్చిందన్నమాట! కానీ గరుకు రోడ్డుమీద ముల్లు జారకుండా ఉండాలంటే రికార్డుమీద గట్టిగా నొక్కాలి. నొక్కితే రికార్డు అరుగుతుంది. అదీ ఏడాది రెండేళ్ళ ముచ్చటే. ఐరోపాలో ఫిలిప్స్ వాళ్ళు ‘ఆటో మిన్యన్’ అని, పోస్టుడబ్బాలో ఉత్తరం వేసినట్టు సందులోకి రికార్డు తోసే యంత్రం తెచ్చారు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ రోల్స్‌రాయిస్‌లో కూడా అదే ఉండేది. రోల్స్‌రాయిస్ అంత మెత్తగా నడిచే బండి అందరికీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

పళ్ళెం ఓడిపోయాక టేపు గెలిచింది. విమానాలు చేసిన బిల్ లియర్ ఎనిమిది దారుల టేపు డబ్బా చేస్తే, 1966 నమూనా ఫోర్డు కార్లలో బిగించారు. 1963లో ఫిలిప్స్‌లో లూ ఓటెన్స్ బృందం అరచేతిలో ఇమిడే కేసెట్టు తెచ్చింది. మన దేశంలో కారు పాట అంటే ఈ కేసెట్టే. అంబాసిడర్లో, పద్మినిలో, ఆ తరవాత మారుతిలో, టేపు నలిగి ఘంటసాలగారి గొంతు కాస్తా రాక్షసుడి గొంతయిపోతే, పెన్సిలు దూర్చి తిప్పి సరిచేసుకున్న చేతులు మనవి. దాని గురించి మీకు నేను చెప్పాలా!

ఆ ఓటెన్స్‌గారే తరవాత ముల్లు లేని పళ్ళెం పనిలోనూ ముఖ్యుడు. ముల్లు ఉండబట్టే కదా ఇన్ని తిప్పలు? ముల్లు స్థానంలో వెలుగు పెడితే తగలడం లేదు, అరగడం లేదు. 1979లో ఫిలిప్స్ వాళ్ళు చూపించిన నమూనా సీడీ అడ్డుకొలత పదకొండున్నర సెంటీమీటర్లు. జపాను సోనీతో కలిసి ఖాయం చేసేసరికి అది పన్నెండయింది. ఎందుకంటే, సోనీలో పెద్దాయన నోరియో ఓగా స్వయానా గాయకుడు. బేతోవెన్ తొమ్మిదో సింఫనీ మధ్యలో తెగకుండా ఒకే పళ్ళెంలో పట్టాలి, అందుకు 74 నిమిషాలు కావాలి అన్నాడని లోకమంతా చెప్పుకునే కథ. ఆ పనిలో ఉన్న ఇంజనీరు కీస్ ఇమ్మింక్ మాత్రం కథ అందమైనదేగాని, అసలు సంగతి వ్యాపారం అని రాశాడు. ఫిలిప్స్ వారి కంపెనీకి పదకొండున్నర కొలత పళ్ళాలు చేసే ఫ్యాక్టరీ అప్పటికే ఉంది. కొలత మారిస్తే వాళ్ళ ముందంజ పోతుంది. రెండూ నిజమై ఉండవచ్చునంటాను నేను. పెళ్ళి సంబంధం కుదిరాక జాతకాలు కలిశాయని చెప్పుకోమూ?

కొలత గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కారు డాష్‌బోర్డులో రేడియోకి వదిలే గూడు వెడల్పు 18 సెంటీమీటర్లు, ఎత్తు 5. జర్మనీవాళ్ళు పెట్టిన ఈ కొలతే ప్రపంచమంతా పాకింది. పన్నెండు సెంటీమీటర్ల పళ్ళెం అందులోంచి సుఖంగా దూరుతుంది. పన్నెండంగుళాల లాంగ్‌ప్లేకి ఆ భాగ్యం ఎలా పడుతుంది?

1982 అక్టోబరులో జపానులో సీడీ యంత్రం అమ్మకానికొచ్చింది. 1984లో సోనీ, పయొనీరు కంపెనీలు కారులో పెట్టేవి తెచ్చాయి. గోల్డ్‌మార్క్ ఇది చూడలేదు. 1977 నవంబరులో అధ్యక్షుడు కార్టరు చేతుల మీదుగా జాతీయ విజ్ఞాన పతకం అందుకున్నాడు. రెండు వారాలకే, డిసెంబరు 7న, న్యూయార్కు దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. ఎంత పనిచేశాడు దేవుడు!

సీడీలో పాట ఎలా ఉంటుందో తెలిస్తే దాన్ని వాడే పద్ధతి దానంతటదే తెలుస్తుంది. అచ్చుబొమ్మ పైకి, మెరిసే వైపు కిందికి పెట్టాలి. ఎందుకంటే కిందనుంచి సన్నటి లేజరు వెలుగు చదువుతుంది. రికార్డు బయటినుంచి లోపలికి పాడితే సీడీ లోపలినుంచి బయటికి పాడుతుంది. మొదట్లో నిమిషానికి అయిదొందల చుట్లు, అంచు చేరేసరికి రెండొందలకి దిగుతుంది. గుంటల వరస సాగదీస్తే అయిదు కిలోమీటర్ల పైన ఉంటుంది! గతుకులకి కటకం చలించినా, విద్యుత్తు మీటలు క్షణంలో వెయ్యో వంతులో దాన్ని మళ్ళీ దారిలో పెడతాయి. ఆ యంత్రమంతా స్ప్రింగులమీద, నూనె నింపిన రబ్బరు బుడిపెలమీద ఊగుతూ ఉంటుంది. తరవాతి రకాలు కొన్ని సెకన్ల పాటని ముందే చదివి దాచుకుంటాయి, ఎదిగిన పిల్లకి ముందునుంచే పాత్రా సామానూ కూడబెట్టినట్టు.

గీత పడినా పాట తెగకపోవడానికి లెక్కల మహిమే కారణం. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు కనిపెట్టిన సూత్రం ప్రకారం, పోయిన అంకెల్ని ఉన్న అంకెలనుంచి రాబట్టవచ్చు. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా తిరిగి పూరిస్తుంది. అయితే పాట దారి గుండ్రంగా సాగుతుంది గనక, గుండ్రంగా తుడిచామా, పడ్డ గీత ఆ దారి పొడుగునా చెరిపేస్తుంది. మధ్యనుంచి అంచుకి నిలువుగా తుడవాలి, మెత్తటి పాత నూలుగుడ్డతో. మొక్కుబడిగా పమిట చెంగుతో గిరగిర తిప్పెయ్యకండి. జరీ ఉంటే మరీనూ.

సందులో సగం దూరేదాకా తోస్తే చాలు, లోపలి రబ్బరు రోలర్లే లాక్కుంటాయి. బలవంతంగా నెట్టకూడదు. కాగితం చీటీ అంటించిన సీడీ, ఒకటి లోపలుండగా రెండోది వేయకూడదు. మా అక్కయ్య మనవడు ఆ సందుని హుండీ అనుకుని రెండు రూపాయి బిళ్ళలు వేశాడు. దేవుడు పలకలేదు, పాటా పలకలేదు. బాగుచేసినవాడు మాత్రం దక్షిణ బాగానే పుచ్చుకున్నాడు. ఎండలో నిలబెట్టిన కారులో, గాజు పక్కన వదిలేస్తే సీడీ వంకరపోతుందని కూడా గుర్తుంచుకోండి. మన రోహిణికార్తెలో అయితే చెప్పక్కర్లేదు.

డిక్కీలో ఆరు సీడీలు, పది సీడీలు పట్టే పెట్టె పెట్టి ముందునుంచి మీట నొక్కే ఏర్పాటు కొన్నాళ్ళు దొరల ఇళ్ళలో నడిచింది. తరవాత ఎమ్‌పీ3 వచ్చింది. ఒక్క పళ్ళెంలో నూటయాభై పాటలు! బస్‌స్టాండు అంగళ్ళలో పాత పాటలన్నీ ఒకేచోట దొరికేవి. కొని తెచ్చి పాత యంత్రంలో వేస్తే చదవదు, తిప్పి బయటికి తోసేస్తుంది. హైవే హై-ఫై నాటి పేచీయే మళ్ళీ మొదలు.

ఇప్పటి కొత్త కార్లలో చాలావాటికి ఆ సందే లేదు. ఫోనునుంచి పాట వస్తుంది. పాతకార్లలో ఉన్న సందు మాత్రం ఊరికే పోలేదు. ఫోను నిలబెట్టే కొక్కెం ఒకటి అమ్ముతున్నారు. దాని చదునైన నాలుకని సీడీ వేసే సందులో దూర్చి మర బిగిస్తే గట్టిగా పట్టుకుంటుంది, ఫోను చక్కగా కళ్ళెదుట నిలుస్తుంది. వెలుపలికి తీయడం మరిచిపోయిన పాత సీడీ ఏదైనా లోపల ఉంటే, ముందు దాన్ని తీసుకుని మరీ బిగించుకోవాలి.