నవాబ్ అలీ యావర్ జంగ్: హైదరాబాదు మంత్రి, భారత రాయబారి



మన అనంతపురం 1800లో నిజాం కుంఫిణీ వారికి ఇచ్చేసిన దత్త మండలాల్లోది. ఆపైన హైదరాబాదు కథ వేరు, మన కథ వేరు అయినాయి. అయినా అక్కడి నవాబుల మాట వస్తే మనవాళ్ళు వజ్రాలు, దేవిడీలు తప్ప వేరే చెప్పరు. చదువును నమ్ముకున్న ఒక నవాబును గురించి మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు.

అలీ యావర్ జంగ్ తల్లి తయ్యిబా బేగం. మద్రాసు విశ్వవిద్యాలయం పట్టం పొందిన తొలితరం ముస్లిం మహిళల్లో ఒకరు. ఆమె తండ్రి ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ నిజాం రాజ్యంలో విద్యాశాఖను నడిపిన పండితుడు. అలీ యావర్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి ఉస్మానియాలో చరిత్ర చెప్పినారు. తరువాత నిజాం మంత్రివర్గంలో చేరి రాజ్యాంగ వ్యవహారాలు చూసినారు.

1947లో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం గురించి మాట్లాడిన నిజాం ప్రతినిధుల్లో ఈయన ఒకరు. ఆ ఒప్పందం గిట్టని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ జనం అక్టోబరు 27 తెల్లవారుజామున ప్రతినిధుల ఇళ్ళను చుట్టుముట్టి, వారిని ఢిల్లీకి కదలనీయలేదు. ఆ ప్రతినిధివర్గం తప్పుకున్నది. ఈయన కూడా పదవి వదులుకున్నారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. సామరస్యంగా తేలవలసిన వ్యవహారం ఎక్కడికి పోయిందో, ఎందరు అమాయకులు నష్టపోయినారో మనకు తెలిసిందే.

ఉర్దూ బడిపంతులుగా నాకు బాధ కలిగించే ముచ్చట ఒకటుంది. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చిన రోజుల్లో అక్కడి వైస్ ఛాన్సలర్ ఈయనే. దాచిపెడితే అది చరిత్ర కాదు.

1952 నుంచి ఆయన రాయబారి. అర్జెంటీనా, ఈజిప్టు, యుగోస్లావియా, ఫ్రాన్సు, చివరకు అమెరికా. 1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయేలు ఈజిప్టు మీద పడినప్పుడు మన దేశం ఈజిప్టు పక్షాన నిలిచింది. అప్పుడు కైరోలో నెహ్రూ ప్రతినిధి ఈ హైదరాబాదీయే. 1959లో పద్మభూషణ్ వచ్చింది.

1965లో అలీగఢ్ వైస్ ఛాన్సలర్‌గా వెళ్ళినారు. సొంత విద్యార్థులకు ఉన్న 75 శాతం సీట్లను 50కి తగ్గించినందుకు ఏప్రిల్ 25న విద్యార్థులు ఆయన మీద దాడి చేసినారు. తీవ్రంగా గాయపడినారు. అయినా అలిగి వెళ్ళిపోలేదు. 1968 దాకా అక్కడే పనిచేసినారు. ఆయన నిర్ణయం సరా కాదా అని వాదించుకోవచ్చు. కానీ గురువు మీద చెయ్యెత్తడం ఏ వాదనకూ జవాబు కాదు.

1976 డిసెంబరులో మహారాష్ట్ర గవర్నరుగా ఉండగానే బొంబాయిలో కన్నుమూసినారు. వినికిడి లేనివారి కోసం 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు ఆయన పేరే పెట్టినారు.

మనకు నచ్చని మాట చెప్పే మనిషి మనవాడు కాకుండా పోడు. మన సొసైటీ సమావేశాల్లోనూ ఇది గుర్తుంచుకుందాం. అల్లాహ్ మన పిల్లలకు చదువునూ, మంచి మాట వినే ఓర్పునూ ప్రసాదించుగాక. ఆమీన్.